చిగుళ్ళ నుంచి రక్తం వస్తే గుండెకేం సంబంధం?

(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొద్దున్నే పళ్ళు తోముకునేటప్పుడు ఉమ్మిలో రక్తం కనిపిస్తే ఏమంటాం? "వేడి చేసిందిలే" అనుకుని పనిలో పడిపోతాం. అది వేడి కాదమ్మా. పళ్ళ మొదట్లో పాచి పేరుకుని గారగా గట్టిపడుతుంది. అందులోని క్రిముల వల్ల చిగుళ్ళు వాస్తాయి.

వాచిన చిగురు పచ్చిపుండు లాంటిది. నమిలినప్పుడు, తోమినప్పుడు క్రిములు అక్కడి నుంచి రక్తంలోకి పోతాయి. మామూలుగా అయితే ఒంట్లోని శక్తే వాటిని చంపేస్తుంది. కానీ చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్నవాళ్ళకు, కవాటం మార్పించుకున్నవాళ్ళకు అలా కాదు. క్రిములు కవాటం మీద తిష్ఠ వేస్తే ప్రాణానికే ముప్పు. వారాల తరబడి ఆసుపత్రిలో సూదిమందు వేయించుకోవాలి. అందుకే అలాంటివాళ్ళు పన్ను పీకించుకునే ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, పాత కాగితాలు చూపించాలి. అవసరమైతే ముందుగా వేసుకోవాల్సిన మందు డాక్టరే రాస్తారు.

చిగుళ్ళ జబ్బున్నవాళ్ళలో గుండెపోటు కూడా ఎక్కువగా కనిపిస్తోంది. అంతమాత్రాన పళ్ళు తోముకుంటే గుండెపోటు రాదని ఎవరన్నా అంటే నమ్మకండి. బీపీ, షుగర్ చూపించుకోవాల్సిందే. ఖైనీ, గుట్కా, చుట్ట మానాల్సిందే. పొగాకు చిగుళ్ళనూ తింటుంది, గుండెనూ తింటుంది. షుగరుంటే చిగుళ్ళు త్వరగా పాడవుతాయి. చిగుళ్ళు పాడైతే షుగరు అదుపులోకి రావడం కష్టం.

ఇంకో ముఖ్యమైన మాట. పని చేస్తుంటే కింది దవడ లాగుతూ, కూర్చుంటే తగ్గుతుంటే అది పంటినొప్పి కాకపోవచ్చు, వెంటనే డాక్టరుకు చూపించుకోండి. దాంతోపాటు ఛాతీలో బరువు, చెమట, ఆయాసం ఉంటే లవంగం పెట్టుకుని కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి.

మనం చేయాల్సింది పెద్ద ఖర్చేమీ కాదు. పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టుతో రెండు నిమిషాలు తోముకోవాలి. ఇటుకపొడి, బొగ్గు వద్దు. రక్తం వస్తోందని తోమడం ఆపొద్దు. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్నది ఉత్త అపోహ.

వచ్చే నెల సంఘం మీటింగులో పొదుపు, అప్పు వాయిదాలు రాసుకున్నాక ఒక్క మాట అడగండి: "చిగుళ్ళ నుంచి రక్తం వస్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" ఉంటే ఒక్కదాన్నే పంపకండి. ఒకరు తోడుగా ఏరియా ఆసుపత్రికి వెళ్ళండి. ఆడవాళ్ళం మన నొప్పిని ఎప్పుడూ చివరికే నెట్టేస్తాం. ఈ ఒక్క విషయంలో ఈ ఏడాది అలా చేయొద్దు.

సెలవు.