ఆయాసము – ఊపిరి కవాటము



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఇండ్లు దర్శించునప్పుడు, మంచముపై ముందుకు వంగి కూర్చుండి ఆయాసపడు పెద్దలను చూచుచున్నాము. “వయసు మళ్లినది గదా” అందురు. వయసొక్కటే కాదు. ఏండ్ల తరబడి బీడీ పొగ, కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఊపిరితిత్తులలో గాలి చిక్కుకొనును. పాడైన భాగము ఉబ్బి, బాగున్న భాగమును నొక్కివేయును.

రొమ్ము కోయకుండ, గొట్టము పంపి, ఆ ఉబ్బిన భాగపు శ్వాసనాళములలో చిన్న కవాటములు అమర్చు వైద్యమొకటి కలదు. అమెరికాలో 2018లో దీనికి అనుమతి లభించెను. కవాటము గాలిని బయటికి పోనిచ్చును, లోనికి రానియ్యదు. ఆ భాగము ముడుచుకొనగా మిగిలినది విప్పారును.

అయితే ఊపిరితిత్తి భాగముల నడుమ గాలి దారులున్నచో ఇది పనిచేయదు. పొగ మాననివారికి అమర్చరు. అమర్చిన తొలి దినములలో ఊపిరితిత్తి చిల్లుపడు ప్రమాదము కూడ ఉన్నది. చాలమందికి పీల్చు మందు, శ్వాస వ్యాయామమే తగిన వైద్యము. కావున కవాటము మాట విని పొలము బేరము పెట్టకుడి! ఊదుడు పరీక్ష, సి.టి. స్కాను ముందు.

వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022 నుండి, గద్వాలలో 2024 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నవి. మొదట అక్కడ చూపించి, వారు పంపినచో హైదరాబాదు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వెళ్లుడి. తోడు వచ్చువారు లేనియెడల ఆదివారము ఆరాధన పిమ్మట మాతో చెప్పుడి, ఒకరిని పంపెదము.