ముఖం చూసి చెప్పగల మాట

(క్రైస్తవ రచయితల సదస్సులో చేసిన ప్రసంగం)



నాకిచ్చిన అంశం ‘సభల్లో రచయిత అనుభవాలు’. ఫోన్‌లో నలభై నిమిషాలన్నారు. ఇందాక చీటీ వచ్చింది, ఇరవై అని. నాకిది కొత్త కాదు. మన కూటాల్లో పాటలు, కానుకలు, ప్రకటనలు, శాలువాలు అయ్యాక మిగిలిన సమయమే వర్తమానానికి, అంటే ప్రసంగానికి. ఒకచోట నా నలభై నిమిషాలు ఎనిమిదికి దిగాయి. కోపం వచ్చింది. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని లెక్క చూసుకుంటే, ఆ ఎనిమిది నిమిషాల్లో పట్టక వదిలేసిన ముఖ్యమైన సంగతి ఒక్కటీ కనిపించలేదు. అప్పటినుంచి చీటీ అంటే భయం పోయింది.

ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను. ధ్యాన వ్యాసాలు రాస్తూ వచ్చాను. అవి నాలుగు పుస్తకాలయ్యాయి. పుస్తకాలు చదివినవాళ్లు సభలకు పిలవడం మొదలుపెట్టారు. మొదట్లో ప్రతి పిలుపుకూ పుస్తకాల కట్ట మోసుకుని వెళ్లేదాన్ని. నా దగ్గర ఉన్నది వాళ్లకు ఇచ్చి రావాలి, అంతే అనుకునేదాన్ని. తీరా చూస్తే, నా రాతల్లో ఏ ప్రూఫ్ రీడరూ పట్టుకోని తప్పులు ఆ సభల్లో దొరికాయి. ఇవాళ ఆ తప్పుల గురించే చెప్తాను.

డోర్నకల్‌కు దగ్గర్లో ఒక పల్లె. మిరప ఏరే రోజులు. స్త్రీల కూటం ఏడింటికన్నారు, ఎనిమిదిన్నర దాటాక గానీ ఆడవాళ్లు రాలేదు. చేను నుంచి వచ్చి, వండి, పిల్లలకు పెట్టి రావాలి కదా. చర్చి ముందు జంపఖానాలు పరిచారు. కొండమీది ప్రసంగంలో సాత్వికులు భూమిని స్వతంత్రించుకోవడం గురించిన మాట తీసుకున్నాను. ఇక్కడ భూమి అంటే మట్టి కాదనీ, పరలోక రాజ్యమనీ, ఆత్మీయ సంపద అనీ ముప్పావుగంట వివరించాను. ఆమెన్‌లు బాగానే వచ్చాయి.

ముగింపు ప్రార్థన అయ్యాక ఒక ముసలామె దగ్గరకు వచ్చింది. మిరప ఘాటు ఇంకా పోలేదేమో, వేళ్లు కొంగుకు రుద్దుకుంటూనే ఉంది.

“అమ్మా, నాదొక్క మాట. భూమి స్వతంత్రించుకుంటరని జెప్తిరి గదా. మరి మాకు పట్టా ఎప్పుడిస్తరు?”

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. స్వతంత్రించుకోవడం అంటే బైబిల్ తెలుగులో వారసత్వంగా పొందడం. ఇవాళ వినేవాళ్లకు స్వతంత్రం అంటే ఆగస్టు పదిహేను. తెలుగు పంతులమ్మనై ఉండి ఆ ఒక్క మాటకూ అర్థం చెప్పకుండా దాని మీద ముప్పావుగంట మాట్లాడాను! తడబడుతూ వారసత్వం సంగతి చెప్పాను.

“తాత జాగ మనుమనికి వచ్చినట్టా?” అంది.

“అవునమ్మా, అట్లాగే.”

“మా తాతకే లేకపాయె” అని వెళ్లిపోయింది.

ఆ రాత్రి పాస్టరమ్మగారింట్లో నిద్ర పట్టలేదు. బైబిల్ తెరిచి 37వ కీర్తన చదివాను. ప్రభువు చెప్పిన ఆ మాటకు మూలం అక్కడే ఉంది. దుర్మార్గులు వర్ధిల్లుతుంటే చూసి కుమిలిపోతున్న దీనులకు, నేల చివరికి మీదే అవుతుందని ధైర్యం చెప్పే కీర్తన అది. అంటే ఆ ముసలామె అడిగిన ప్రశ్న నా ప్రసంగం కంటే లేఖనానికి దగ్గరగా ఉంది. నేను కాలికి మట్టి అంటకుండా పరలోకానికి ఎగిరిపోయాను. ఆమె మట్టిని వదల్లేదు. ఇంటికి వచ్చి ఆ వ్యాసం తిరగరాశాను. ఇప్పుడందులో పట్టా ప్రస్తావన ఉంటుంది.

ఇంకో అనుభవం ఖరగ్‌పూర్‌ది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి పనికి వెళ్లిన కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. ఇళ్లలో తెలుగు, బయట హిందీ, బెంగాలీ. అక్కడి తెలుగు సంఘంవాళ్లు యవ్వనస్తుల కూటానికి పిలిచారు. ఇతర భాషలవాళ్లు కూడా వస్తారని, హిందీలోకి తర్జుమా చేయడానికి ఒక రైల్వే ఉద్యోగిని నా పక్కన నిలబెట్టారు. నేను నా ధోరణిలో ఎత్తుకున్నాను: “ఆశలన్నీ ఆవిరై, అయినవారే పరాయివారై, దారీ తెన్నూ కానరాక, చీకటి నడుమ కుప్పకూలిన మనిషి గుండె లోతుల్లో మెల్లమెల్లగా వినవచ్చే ఆ మృదుస్వరం...”

ఆయన నావైపు చూశాడు. నేను ఊపిరి తీసుకున్నాక మైకు అందుకుని, “పరమేశ్వర్ సాథ్ హై” అన్నాడు. దేవుడు తోడున్నాడు, అంతే. తర్వాత నాతో మెల్లగా, “ఇంకేమైనా ఉందా అమ్మా?” అన్నాడు.

లేదు. నిజంగానే లేదు. హాలంతా నవ్వింది. కాసేపటికి నేనూ నవ్వాను. ఆయనకు తర్జుమా చేతకాలేదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. వాక్యంలో ఉన్నదంతా చెప్పాడు. మిగిలినదంతా నా ముచ్చట. తర్జుమా చేసేవాడు పక్కన నిలబడితే మన వాక్యంలో పొట్టు ఎంతో, గింజ ఎంతో ఆ క్షణానే తేలిపోతుంది.

ఆ సాయంత్రం పుస్తకాల బల్ల దగ్గర ఒక అబ్బాయి నా పుస్తకం తిరగేసి మళ్లీ అక్కడే పెట్టాడు. “తెలుగు మాట్లాడతాను ఆంటీ, చదవడం రాదు. మీరే చదివి వాట్సాప్‌లో పంపండి” అన్నాడు. పంపడం మొదలుపెట్టాను. రికార్డు చేస్తుంటే కొన్ని చోట్ల నాలుక తిరిగేది కాదు. అలాంటి చోటల్లా ఆగి చూస్తే, ఆ వాక్యం నేను నమ్మి రాసింది కాదని తెలిసేది. అందంగా ఉంటుందని పెట్టినది.

మన పెద్దల్లో పురుషోత్తమ చౌధరి గారిని తలచుకోండి. 1803లో పుట్టి 1890 వరకు జీవించారు. తిరిగి తిరిగి సువార్త చెప్పారు, కరపత్రాలు రాశారు, కీర్తనలు కట్టారు. ఆయన కరపత్రాలు ఇవాళ ఎందరి ఇళ్లలో ఉన్నాయి? కీర్తనలు మాత్రం అక్షరం రాని అమ్మమ్మల నోట కూడా ఉన్నాయి. కరపత్రం తక్కువదని కాదు. కీర్తన ఎదుటివాళ్ల గొంతులోకి ఎక్కాలి, అందుకే దాన్ని పొట్టు లేకుండా కట్టాలి.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. నెల్లూరు వైపు ఒక సభ. నా ప్రసంగం అయ్యాక ముప్ఫై ఏళ్లమ్మాయి ఒకామె వచ్చింది. చేతిలో నా రెండో పుస్తకం. ఒక పేజీ మడిచి ఉంది, ఒక వాక్యం కింద గీత ఉంది. కన్నీళ్లు కూడా దేవుడిచ్చే బహుమానాలే అని నేను రాసిన వాక్యం. ఒకప్పుడు నాకు చాలా ఇష్టమైన వాక్యం.

“ఇది మీరే రాశారా అమ్మా?”

“అవును తల్లీ.”

“మా బాబు పోయి అయిదు నెలలు. ఇది చదివితే నెమ్మదిగా ఉంటుందని మావాళ్లు తెచ్చిచ్చారు. ఒక్కసారి నా ముఖం చూసి ఆ మాట చెప్పండి.”

చెప్పలేకపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. షామియానా విప్పుతున్నారు. కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పేరుస్తున్నారు. మా చుట్టూ అన్నీ తీసేశారు, మా రెండు కుర్చీల జోలికి మాత్రం ఎవరూ రాలేదు. ఆమె బాబు గురించి చెప్పింది. నేను విన్నాను. నేనెక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. రెండో ముద్రణలో ఆ వాక్యం తీసేశాను. దాని బదులు ఏమీ రాయలేదు.

అప్పటినుంచి నాకొక నియమం ఉంది. ముఖం చూసి చెప్పలేని మాట అచ్చులో వేయను. కాగితం మనకు ఎదురు చెప్పదు. దుఃఖంలో ఉన్నవాళ్లకు నీతి చెప్పినా, పేదవాడికి ఓపిక పట్టమన్నా ఊరుకుంటుంది. ఎదురుగా మనిషి ఉంటే నోరు రాదు. ఆ నోరు రాకపోవడాన్ని గౌరవించాలి.

నియమానికి రెండో వైపు కూడా ఉంది. ఎవరి గురించి ఏ మాట చెప్పాలో అది వాళ్ల ముఖం చూసే చెప్పాలి. దీనికి డోర్నకల్ బిషప్ అజరయ్య గారి కంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. తమిళనాడులో తిరునెల్వేలి వైపు 1874లో పుట్టారు. మిషనరీగా డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఈ పల్లెల్లోనే బతుకు గడిపారు. 1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు 1200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అజరయ్య గారికి అప్పటికి 35 ఏళ్లు. విదేశీ మిషనరీలు ఇక్కడివాళ్లతో పనిచేస్తారు, వాళ్లకోసం త్యాగాలూ చేస్తారు, స్నేహితులుగా మాత్రం దగ్గరికి రానివ్వరు అన్న బాధ మన సంఘాల్లో అప్పటికే ఉంది. వెనక గొణుక్కునే ఆ మాటను ఆయన ఆ మిషనరీల సభలోనే లేచి చెప్పారు. త్యాగాలకు కృతజ్ఞత చెప్పి, మాకు స్నేహితులు కావాలని అడిగారు. కొందరికి గుచ్చుకుంది. రెండేళ్ల తర్వాత, 1912లో, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయింది ఆయనే. వందేళ్లు దాటాక కూడా ఆ మహాసభ గురించి రాసేవాళ్లు ఆ ప్రసంగాన్ని తలవకుండా ఉండరు.

ఆయన పేరు చెప్పుకున్నాను కాబట్టి నేనూ ఒక మాట మీ ముఖం చూసే చెప్పాలి. పదిహేనేళ్లుగా సభలకు వెళ్తున్నాను. ఆడదాన్ని కాబట్టి సభ కరపత్రంలో నా పేరు ఎక్కువసార్లు ‘సాక్ష్యం’ కింద పడింది, ‘వర్తమానం’ కింద పడింది తక్కువ. అదే పుస్తకం రాసిన అదే మనిషిని. స్త్రీల కూటంలో వాక్యం చెప్పనిస్తారు. అన్నలూ అయ్యగార్లూ కూర్చున్న సభలో మాత్రం, “మీ అనుభవాలు చెప్పండి సిస్టర్” అంటారు. ఇవాళ నాకిచ్చిన అంశం పేరు కూడా ఒకసారి చూసుకోండి. సాక్ష్యం తక్కువదని నేననను. మగ్దలేనే మరియ పునరుత్థాన దినాన ఉదయం శిష్యులకు చెప్పింది సాక్ష్యమే, వర్తమానమూ అదే. మరి ఈ రెండింటి మధ్య గోడ మనమెందుకు కట్టుకున్నాం?

సమయం అయిపోతోంది. నిర్వాహకులకు ఒక మనవి: ప్రతి ప్రసంగం తర్వాత పది నిమిషాలు జనానికి వదిలిపెట్టండి. శాలువాలు తగ్గించండి, ఆ పది నిమిషాలు దొరుకుతాయి. ప్రశ్న అడిగితే అయ్యగారిని తప్పుపట్టినట్టవుతుందని జంకేవాళ్లున్నారు. వాళ్ల భయం పోయేలా మీరే అడిగించండి. రచయితలకు ఇంకో మనవి: రాతప్రతి ప్రెస్సుకు పంపేముందు, అది ఎవరి గురించి రాశారో అలాంటి మనిషికి ఒక్కరికైనా చదివి వినిపించండి. దుఃఖం గురించి రాస్తే దుఃఖంలో ఉన్నవాళ్లకు, పేదరికం గురించి రాస్తే కూలికి వెళ్లేవాళ్లకు. చదువుతున్నప్పుడు మీ చూపు కాగితం మీదికి పారిపోయే చోట గీత గీసుకోండి. దిద్దాల్సింది అక్కడే.

ఈసారి పుస్తకాల కట్ట తేలేదు. కొత్త పుస్తకం రాతప్రతి మాత్రం సంచిలో ఉంది, ముసలితనం గురించి. ఇక్కడ డెబ్భై దాటినవాళ్లు చాలామందే కనిపిస్తున్నారు. భోజనాలయ్యాక వేపచెట్టు కింద కూర్చుంటాను. ఓ పావుగంట విని, తప్పులుంటే నా ముఖం మీదే చెప్పండి.