కొమ్మ నాటుకోవాలంటే
(సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను సవరణ గురించీ, కరువు భత్యం బకాయిల గురించీ మాట్లాడడానికి మన సంఘంలో సమర్థులు చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నాకు మాత్రం ఇంట్లో కొమ్మ నాటి మొక్క చేసుకోవడం గురించి చెప్పమని పావుగంట ఇచ్చారు. ఇందుకు కారణం ఉంది. ఎప్పుడో లోను పెట్టి కట్టుకున్న ఇళ్ళను మనవాళ్ళు ఒక్కొక్కరే అపార్టుమెంటుకు ఇచ్చేస్తున్నారు. ఎవరికెన్ని ఫ్లాట్లు, కారు ఎక్కడ పెట్టుకోవాలి, అన్నీ ఒప్పందంలో రాసుకుంటాం. పెరట్లో అమ్మ నాటిన మల్లెపొద సంగతి అందులో ఉండదు. తీరా ఇల్లు పడగొట్టే ముందురోజు నాలుగు కొమ్మలు విరిచి బకెట్లో పెడతాం. పదిరోజులకు అవి ఎండిపోతాయి. అప్పుడు "నా చేయి మంచిది కాదు" అనుకుంటాం.

చేతిలో ఏమీ లేదండి. నర్సరీకి వెళితే మల్లె దొరకదా అంటే దొరుకుతుంది. కడియం వెళితే లారీలకు లారీలు దొరుకుతాయి. కానీ ఆ మొక్క దొరకదు. మన గుండుమల్లె సాధారణంగా గింజ కట్టదు. కొమ్మతోనో అంటుతోనో ఇంటింటికీ వెళ్ళిన మొక్క అది. కొమ్మ నుంచి వచ్చింది తల్లి మొక్కకు బిడ్డ కాదు, అచ్చంగా అదే మొక్క. మీ అమ్మగారు పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చుకుని ఉంటే, మీ పెరట్లో ఉన్నది ఆ పుట్టింటి మల్లే.

ఇక పని సంగతి. కోసిన కొమ్మకు నోరు లేదు, చెమట మాత్రం పడుతుంది. ఆకుల నుంచి నీరు పోతూనే ఉంటుంది, తాగడానికి వేరు లేదు. వేరు వచ్చేదాకా అది ఎండిపోకుండా, కుళ్ళిపోకుండా చూడడమే మన ఉద్యోగం. మిగతా చిట్కాలన్నీ దీని తరవాతే.

పొద్దున్నే, ఎండెక్కకముందు కొయ్యాలి. మరీ లేత చిగురు వద్దు, మరీ ముదురు కొయ్యా వద్దు. పెన్సిలంత లావు, జానెడు పొడుగు, మూడు నాలుగు కణుపులు ఉంటే చాలు. మల్లె కొమ్మ ఇంకా సన్నగా ఉన్నా ఫరవాలేదు. కింది వైపు కణుపుకు కాస్త దిగువన తిన్నగా, పై వైపు ఏటవాలుగా కొయ్యండి. వేళ్ళు ఎక్కువగా కణుపు దగ్గరే పుడతాయి. ఏటవాలు కోత ఎందుకంటే, తరవాత ఏది తల, ఏది కాలు అని తికమక పడకుండా. తలకిందులుగా గుచ్చితే కొమ్మ నాటుకోదు. చిగుళ్ళలో ఆక్సిన్ అనే పదార్థం తయారై కిందికి దిగుతుంది, అది చేరిన చోట వేరు పుడుతుంది. ఆ పదార్థం ఉందని 1928లో హాలండులో వెంట్ అనే ఆయన ఓట్ల మొలకల మీద ప్రయోగం చేసి రుజువు చేశాడు. ఇప్పుడు విత్తనాల కొట్లో దొరికే వేళ్ళ పొడి ఆ జాతి మందే. ఉంటే మంచిది, చిటికెడు చాలు. మల్లెకూ, మందారానికీ, నందివర్ధనానికీ అది లేకపోయినా నడుస్తుంది. తేనె రాయమని ఫోన్లలో వీడియోలు వస్తున్నాయి. తేనెలో ఆ మందు లేదు. తేనెను మీరు నిమ్మరసంలో వేసుకోండి.

కింది ఆకులు తీసేయండి. పైన రెండు మూడు ఆకులు ఉంచి, పెద్దవైతే కత్తెరతో సగానికి కత్తిరించండి. మొగ్గ ఉంటే కనికరం లేకుండా తుంచాలి. మా ఇంట్లో ఆడవాళ్ళకు ఈ ఒక్క మాటే రుచించదు.

మట్టి దగ్గర చాలామంది ప్రేమ ఎక్కువ చేస్తారు. పేడ ఎరువు, వేపపిండి, టీ పొడి అన్నీ వేసి అందులో గుచ్చుతారు. నోరు లేనివాడికి విందు పెట్టినట్టు! ఆ ఎరువుకు బూజు పట్టి కొమ్మ అడుగు నల్లబడుతుంది. కడిగిన ముతక ఇసుక ఒక పాలు, ఎర్రమట్టి ఒక పాలు చాలు. కుండీ అడుగున చిల్లు తప్పనిసరి. పుల్లతో ముందు కన్నం చేసి, రెండు కణుపులు లోపలికి పోయేలా పెట్టి, చుట్టూ వేలితో గట్టిగా నొక్కండి. నీళ్ళు ఒకసారి బాగా పోసి, ఆపైన వేలు పెట్టి చూసి పొడిగా ఉంటేనే పోయాలి. అడుగు కోసేసిన రెండు లీటర్ల నీళ్ళ సీసా మూత తీసి బోర్లిస్తే లోపల చెమ్మ నిలుస్తుంది. వెలుతురు ఉండాలి, నేరుగా ఎండ తగలకూడదు. తొలకరి పడ్డాక జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా దీనికి అనువైన కాలం. గులాబీకైతే చలికాలం నయం.

రెండు వారాలకు చిగురు వస్తుంది. అది చూసి తొందరపడకండి. కొమ్మలో దాచుకున్న సత్తువతో వచ్చే చిగురు అది. జీవో వచ్చింది గాని డబ్బు ఖాతాలో పడలేదన్నమాట. మల్లెకు వేరు రావడానికి నెల, నెలన్నర పడుతుంది. ఈలోగా రోజూ పీకి చూసేవారు ఉన్నారు. ఫైలు కదిలిందా అని రోజూ సెక్షనుకు వచ్చి నిలబడే అర్జీదారును మనం ఎరుగుదుం కదా. ఫైలుకు పోయేదేమీ లేదు గాని, ఇక్కడ సన్నని వేరు తెగిపోతుంది. కుండీ చిల్లులో తెల్లని వేరు కనబడినప్పుడే మార్చండి. మార్చాక ఎండకు వారం రోజులపాటు కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి.

పుదీనా, తమలపాకు నీళ్ళలోనే వేళ్ళు పోసుకుంటాయి. అయితే ఆ నీరు మూడు రోజులకోసారి మార్చండి, లేకపోతే డెంగీ దోమకు పురుడు పోసినట్టే. గన్నేరు పాలు విషం, కోశాక చేతులు కడుక్కుని ముక్కలు పిల్లలకు అందకుండా చూడండి. కరివేపాకు కొమ్మ నాటుకోవడం కష్టం. తల్లి చెట్టు వేళ్ళ నుంచి లేచే పిలకను వేరుతో తవ్వి తెచ్చుకోవడం సుళువు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ముసలి మొక్క ముదురు కొమ్మ సులభంగా వేరు పట్టదు. అందుకే ఖాళీ చేసే వారంలో విరిచిన కొమ్మలు ఎండిపోతాయి. మా ఇంటి ఒప్పందం 2017 మార్చిలో అయింది, అక్టోబరులో ఖాళీ చేయాలి. మా అమ్మ నాటిన మల్లె మొదలు మణికట్టంత ఉండేది. ఒప్పందం అయిన నెలలోనే రెండు కొమ్మలు మోకాలెత్తుకు కోసేశాను. పూలకాలంలో ఇదేం పని అని మా ఆవిడ కేకలేసింది. కోసిన చోట కొత్త రెమ్మలు వచ్చాయి. జూలైలో వాటి నుంచి 24 ముక్కలు పెడితే 15 నాటుకున్నాయి. మరో మూడు కొమ్మలను తెంపకుండానే నేలకు వంచి, కణుపు కింద బెరడు కాస్త గీరి, మట్టి కప్పి ఇటుక పెట్టాను. తల్లి పాలు తాగుతూనే వేరు పడుతుంది కనుక నేలంటుకు చావు తక్కువ. ఆ మూడూ సెప్టెంబరుకు వేళ్ళు తన్నాయి. తొందరలో ఉన్నవారికి నేను ఇదే చెబుతాను.

వచ్చినవన్నీ మా దగ్గరే ఉంచుకోలేదు. చెల్లెళ్ళకూ, ఇరుగుపొరుగుకూ ఇచ్చాం. 2021 వేసవిలో మేం నెలరోజులు ఊళ్ళో లేనప్పుడు మా బాల్కనీ మల్లె ఎండిపోయింది. ఆ వానాకాలంలోనే అమలాపురంలో ఉన్న చెల్లెలు తన మొక్క కొమ్మ పంపింది. మొన్న వేసవిలో దాని పూలే అమ్మ పటానికి వేశాం.

అందుచేత ఇల్లు ఇచ్చే ఆలోచన ఉన్నవారు సంతకం దాకా ఆగకండి. ఈ వేసవిలోనే ఒక కొమ్మ కోసి వదలండి, వానలకు ముక్కలు పెట్టండి, కనీసం మూడిళ్ళకు పంచండి.

వెనక బల్ల మీద తడిగోనెలో 40 మల్లె ముక్కలు తెచ్చి పెట్టాను. ఇంటికి రెండు చొప్పున తీసుకోండి. స్కూటరు డిక్కీలో పెట్టకండి, వేడికి వాడిపోతాయి. చేతిలో పట్టుకెళ్ళి సాయంత్రంలోగా గుచ్చేయండి. ఏటవాలు కోత పైకి ఉండాలి.