ఇంటి డాబాపై సౌర విద్యుత్తు: ధరల పత్రములను సరిపోల్చుట

విశాఖపట్నములో డాబా ఎక్కి నలుదిక్కుల చూచినచో ఒకప్పుడు నీటి ట్యాంకులును, బట్టలారవేయు తీగెలును మాత్రమే కనిపించెడివి. ఇప్పుడు వాటి సరసన నల్లని సౌర ఫలకములు చేరుచున్నవి. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికాన్ సౌరఘటమును తొలిసారి లోకమునకు చూపినప్పుడు, అది తనపై పడిన వెలుగులో నూటికి ఆరు పాళ్ళను మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగినది. నేడు అంగడిలో దొరకు ఫలకములు ఇరువది పాళ్ళు దాటినవి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము కోటి ఇండ్లను లక్ష్యముగా పెట్టుకొని పి.ఎం. సూర్యఘర్ పథకమును ప్రారంభించినది. కిలోవాటునకు 30 వేల రూపాయల చొప్పున రెండు కిలోవాట్ల వరకును, మూడవ కిలోవాటునకు 18 వేలును, మొత్తము 78 వేల రూపాయలకు మించకుండ రాయితీ ఏర్పరచినది. ఇక గృహస్థునకు మిగిలిన పని ఒక్కటే: ఎవరిచేత పెట్టించుకొనవలెనో తేల్చుకొనుట. ఆ పని కనిపించినంత తేలిక కాదని మేము స్వానుభవముచేత తెలిసికొన్నాము.

కొటేషన్లు అడుగుటకు ముందు ఇంటి కరెంటు బిల్లులను ఏడాదివి ముందు వేసికొని కూర్చుండవలెను. 2025–26 ధరల పట్టికలో ఇండ్లకు మొదటి 30 యూనిట్లు యూనిట్ ఒక్కింటికి రూ.1.90 చొప్పున ఉండగా, 225 దాటి 400 వరకు గల యూనిట్లు రూ.8.75 చొప్పున ఉండినవి. నెలకు 350 యూనిట్లు వాడు ఇంటికి యూనిట్ల వెలయే రెండు వేల పై చిలుకు అగును. 150 యూనిట్లు వాడు ఇంటికి అది ఆరు వందలకు లోపే. మూడు కిలోవాట్ల ఏర్పాటు నెలకు సగటున 300 యూనిట్ల వరకు ఇచ్చును. కనుక మొదటి ఇంటికి అది తగినది. రెండవ ఇంటికి అంత పెద్దది దండుగ. ఈ లెక్కను అమ్మజూపువాడు చేసిపెట్టడు, మనమే చేసికొనవలెను. మా వాడకము 350 యూనిట్ల దరిదాపున ఉండుటచేత మేము మూడు కిలోవాట్లని నిశ్చయించుకొన్నాము.

పథకమున నమోదైన వ్యాపారులలో ముగ్గురిని ఎంచి ధరలు అడిగినాము. మొదటివారు ఫోనులోనే మాటలాడి కాగితము పంపినారు. రెండవవారు వచ్చి డాబా కొలిచినారు. మూడవవారు కొలుచుటయేగాక, ప్రక్కయింటి కొబ్బరిచెట్టు నీడ సాయంకాలము ఎంతవరకు వచ్చునో కూడ చూచిపోయినారు. మొదటి కాగితములో 96 వేలు, రెండవదానిలో లక్షా 95 వేలు, మూడవదానిలో రెండు లక్షల 16 వేలు ఉన్నవి. చూడగానే మా మనస్సు మొదటిదానివైపే మొగ్గినది. అప్పుడు మా అమ్మగారు ఒక మాట అడిగినారు: "ఒరే నాయనా, హుద్‌హుద్‌లాంటి గాలి మళ్ళీ వస్తే ఈ పలకలు మన డాబామీదే ఉంటాయా, ఎదురింటివాళ్ళమీద పడతాయా?"

సమాధానమునకై మూడు కాగితములను వెదకినాము. మొదటి రెండింటిలో గాలి ప్రసక్తియే లేదు. అప్పుడు గాని వాటిని మేము సరిగా చదువలేదని మాకు తెలిసి రాలేదు. మరల మొదటినుండి చదువ మొదలిడినాము.

మొదట వెల సంగతి. 96 వేలు అనునది 78 వేల రాయితీని ముందే తీసివేసి వ్రాసిన అంకె. అసలు వెల లక్షా 74 వేలు. రాయితీ సొమ్ము వ్యాపారికి పోదు. పని పూర్తియై, నెట్ మీటరు బిగించి, తనిఖీ ముగిసిన పిమ్మట గృహస్థుని బ్యాంకు ఖాతాకు వచ్చును. అంతవరకు మొత్తము వెల మనమే భరించవలెను, లేదా బ్యాంకులో అప్పు తీసికొనవలెను. కావున మూడు కాగితములలోను రాయితీకి పూర్వపు వెలనే సరిపోల్చవలెను. పన్ను కలిసినదా లేదా అనునదియు చూడవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి సౌర పరికరములపై జి.ఎస్.టి. 12 శాతమునుండి 5 శాతమునకు తగ్గినది. పాత కాగితమునకును క్రొత్తదానికిని పోలిక కుదరదు.

రెండవది వాట్ల లెక్క. మొదటి కాగితము నెత్తిన మూడు కిలోవాట్లు అని ఉన్నది. క్రింద చిన్న అక్షరములలో 540 వాట్ల ఫలకములు అయిదు అని ఉన్నది. అయిదు ఫలకములు 2,700 వాట్లే కదా! మూడు కిలోవాట్లన్నది ఇన్వర్టరు మాత్రమే. రెండవవారు అవే ఫలకములను ఆరు చూపినారు, అనగా 3,240 వాట్లు. వెలను వాట్లతో భాగించినచో మొదటిది వాటు ఒక్కింటికి 64 రూపాయల పైన, రెండవది 60 రూపాయలు పడినవి. చవకగా కనిపించినదే ప్రియమైనదని తేలినది. అంతేకాదు, ఫలకములకును ఇన్వర్టరునకును గల సామర్థ్యములలో తక్కువదానినే రాయితీకి లెక్కించుదురు. అందుచేత 78 వేలు పూర్తిగా వచ్చునన్న మాటయు నిజము కాదు. ఫలకములు స్వదేశపు ఘటములతో స్వదేశమున తయారైనవి కానిచో రాయితీయే రాదు. ఆ సంగతి కాగితముపై వ్రాయించుకొనవలెను.

ఇక మా అమ్మగారి ప్రశ్న. 2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారము ఈ నగరము మరువగల దినము కాదు. గంటకు 180 కిలోమీటర్ల వేగమున వీచిన గాలికి విమానాశ్రయపు పైకప్పే చెదరినది. భారతీయ ప్రమాణములలో గాలి ఒత్తిడిని గూర్చిన 875వ ప్రమాణము మూడవ భాగము విశాఖపట్నమునకు మూలవేగముగా సెకనుకు 50 మీటర్లను నిర్ణయించినది. గంటకు లెక్కించిన అదియు 180 కిలోమీటర్లే. ఫలకములను మోయు ఇనుప చట్రము దీనికి తట్టుకొనవలెను. ఫలకము ఓడ తెరచాప వంటిది. అడుగునుండి గాలి దూరినచో పైకి లేపును. క్రింద నీడ కొరకై ఎనిమిది అడుగుల ఎత్తున పెట్టించుకొను చట్రమునకు ఈ ప్రమాదము హెచ్చు. కాళ్ళను ఎట్లు బిగింతురు, శ్లాబునకు తూట్లు పొడిచినచో వానకు కారకుండ ఏమి చేయుదురు అని అడుగవలెను.

గాలి ఒకనాడు వచ్చిపోవును. ఉప్పు ప్రతిదినము పనిచేయును. సముద్రతీరపు ఇండ్లలో కిటికీ ఊచలు ఎట్లు తుప్పు పట్టునో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. చట్రమునకు కరగిన జింకులో ముంచి వేసిన పూత 80 మైక్రాన్లకు తగ్గకుండవలెను. వట్టి రంగు చాలదు. మరలు, బోల్టులు తుప్పు పట్టని ఉక్కువై ఉండవలెను. ఫలకములకు ఉప్పుగాలి పరీక్ష, అనగా 61701వ అంతర్జాతీయ ప్రమాణపు పరీక్ష జరిగినదా అని అడుగవలెను. ఓడరేవు సమీపమున జ్ఞానాపురము వైపు ఉన్నవారికి బొగ్గు ధూళి బెడద అదనము. అచ్చట కడుగుటకు మనిషి నడచునంత ఖాళీ విడువని ఏర్పాటు వ్యర్థము.

మరియొక భ్రమను కూడ తొలగించుకొనవలెను. తుపానునాడు వీధి చీకటైనను మన ఇల్లు వెలుగునని పలువురు తలంతురు. బ్యాటరీ లేని మామూలు ఏర్పాటులో వీధి తీగెలలో కరెంటు పోగానే ఇన్వర్టరు తానును ఆగిపోవును. స్తంభమెక్కి పనిచేయువాని ప్రాణరక్షణకై అట్లు అమర్చినారు. ఇది లోపము కాదు. కాని ఈ విషయమును ముందుగా చెప్పు వ్యాపారి నమ్మదగినవాడు.

ఇంతయు తెలిసిన పిమ్మట మేము ఒకే కాగితముపై మా కోరికలను వరుసగా వ్రాసినాము: ఫలకముల వాట్లు, సంఖ్య, తయారీదారు, ఇన్వర్టరు, చట్రపు పూత, గాలి వేగము, ఎర్తింగు, పిడుగు నివారిణి, పన్ను, నెట్ మీటరు ఖర్చులు, పూచీ సంవత్సరములు, అయిదేండ్ల నిర్వహణ. దానినే ముగ్గురికి ఇచ్చి మరల ధరలు అడిగినాము. మొదటివారు బదులు వ్రాయలేదు. రెండవవారు చట్రము మార్చి, రెండు లక్షల 7 వేలని వ్రాసి సంతకము చేసినారు. మూడవవారు తమ ధరకే నిలిచినారు; వారి కాగితములో ఇవన్నియు మొదటినుండియే ఉన్నవి. మేము రెండవవారికి పని ఇచ్చినాము. వాటు ఒక్కింటికి 64 రూపాయలు పడినది. మొదటి చవక కాగితముకంటె అదియు తక్కువయే! రాయితీ పోను లక్షా 29 వేలు. మా బిల్లులో మిగులు లెక్కించినచో అయిదారేండ్లలో పెట్టుబడి తిరిగి వచ్చును. ఫలకముల పూచీ ఇరువదియైదేండ్లు.

సొమ్మును మూడు వాయిదాలుగా ఇచ్చినాము: కొంత ఒప్పందమునాడు, కొంత సామాను డాబాపైకి చేరినప్పుడు, మిగిలినది నెట్ మీటరు తిరిగిన తరువాత. చట్రము బిగించిన దినమున మా అమ్మగారు డాబాపైకి వచ్చి ప్రతి కాలిని చేతితో ఊపి చూచినారు. మేస్త్రీ నవ్వినాడు గాని, ఒక బోల్టును మరల బిగించినాడు.

శ్రోతలకు మా మనవి ఇంతియే. మూడు ధరలను కాక, ఒకే వస్తువునకు మూడు ధరలను సరిపోల్చుడు. ఈ తీరమున ఆ వస్తువులో ఫలకమెంతయో చట్రమును అంతయే. నోటితో చెప్పిన పూచీ తుపాను దాటి నిలువదు. కాగితముపై వ్రాయించుకొని, సంతకము చేయించుకొనుడు.