ఒక వారపు చదువు లెక్క



ఒకటి నుండి ఐదు తరగతులకు ఏటా 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. అనగా ఆరు రోజుల వారానికి 24 గంటలు. ఐదు తరగతులకూ ఒక్కరే ఉపాధ్యాయులున్న ఉర్దూ బడిలో తరగతి వంతుకు వచ్చేది ఐదు గంటలకన్న తక్కువే. పిల్లలు 60 మంది లోపున్నా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలన్నది అదే చట్టం.

ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. కనుక తల్లులారా, ప్రతి శనివారం బిడ్డ నోటుపుస్తకం విప్పి చూడండి. జరగని పాఠాలను వ్రాసుకొని కమిటీలో అడగండి. రెండవ ఉపాధ్యాయుని కొరకు మండల విద్యాశాఖాధికారికి అర్జీ పెట్టి, నకలుపై కార్యాలయ ముద్ర వేయించుకోండి. మన పిల్లలకు బాకీపడిన గంటల లెక్క మనమే అడగాలి.