సూరత్‌లో తెలుగు నేతగాని ఓటు

తెలంగాణ జిల్లాలనుండి మగ్గం పనికై తరలివెళ్ళిన పద్మశాలీలు సూరత్‌లోని లింబాయత్ పరిసరాలలో తరాలుగా స్థిరపడి ఉన్నారు. 2008 పునర్విభజనకు పూర్వం నగర శివారు వాడలనేకం చౌర్యాసీ నియోజకవర్గంలో ఉండేవి. పదిలక్షలు దాటిన ఓటర్లకు ఒక్కడే శాసనసభ్యుడు! 2012లో లింబాయత్ తొలిసారి ప్రత్యేక స్థానంగా ఓటు వేసి, మహారాష్ట్ర మూలాలుగల సంగీతా పాటిల్‌ను ఎన్నుకొన్నది.

తెలుగువారి చిక్కంతా ఓటర్ల జాబితాలోనే ఉన్నది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రెండు నియోజకవర్గాలలో పేరుండరాదు. స్వగ్రామంలో ఇల్లున్నంత మాత్రాన అక్కడి నివాసి అనిపించుకోడు. అయినా ఊరి ఓటును వదలుకోలేనివారున్నారు. మమకారం సరే, కుళాయి, మురుగుకాలువ, పిల్లల తెలుగు బడి సూరత్‌లోనివి కదా! వాటికై అర్జీ పట్టుకొని వెళ్ళిననాడు శాసనసభ్యునికి వారి సంఖ్య కనబడేది సూరత్ జాబితాలోనే.