ఎలుక బుట్టలో ఏ ఎర పెట్టాలి?



మన యానాదుల గురించి ఎవరు రాసినా ఎలుకలు పట్టేవాళ్లని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఆ పనిలో ఎంత తెలివి ఉందో రాయరు. అందుకే ఈ రోజు ఎర గురించే మాట్లాడాలని మేము అనుకున్నాం.

మాఘం దాటి ఉగాది వచ్చేలోపు బాపట్ల, రేపల్లె వైపు వరి కోసేసి ఉంటారు. ఇటు పర్చూరు, ప్రత్తిపాడు నల్లరేగడిలో పత్తి ఆఖరి తీతలు, మిరప కోతలు నడుస్తుంటాయి. సాయంత్రం గట్టు మీది బొరియలన్నీ మట్టితో మూసి రండి. తెల్లారి ఏది తెరుచుకుంటే దానిలోనే ఎలుక ఉన్నట్టు. వెదురు బుట్ట దాని దగ్గరే పెట్టాలి.

ఎరకు మన పెద్దల లెక్క ఒక్కటే: చేలో లేనిది పెట్టు. పక్కనే మొక్కజొన్న కంకి మీద ఉంటే నూకల కోసం ఎలుక బుట్టలోకి ఎందుకొస్తుంది? అక్కడ ఎండు చేపో, కాల్చిన కొబ్బరి ముక్కో కావాలి. మిరప చేలో గింజ దొరకదు కాబట్టి వేయించిన వడ్లు, నూనె పట్టించిన నూకలు సరిపోతాయి. మొదటి రాత్రి బుట్ట బిగించకుండా ఎర మాత్రం పెట్టి, తిననివ్వండి.

ఇక అసలు మాట. రైతులు మందు కలిపేది కూడా నూకల్లోనే. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు జింక్ ఫాస్ఫైడ్. అది కొంచెం తిని బతికిన ఎలుక మళ్లీ నూకలు ముట్టదు. అలాంటి చేలో ఎర మార్చాల్సిందే. బ్రోమాడయోలోన్ సంగతి వేరు. అది తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మామూలుగానే తిరుగుతుంది. మన బుట్టలోనూ పడుతుంది. ప్రాణంతో దొరికింది కదా, కూరకు పనికొస్తుందని పాతకాలంలో అనుకున్నట్టు ఇప్పుడు అనుకోకూడదు. కాల్చినా ఉడికించినా ఆ మందు పోతుందని నమ్మొద్దు. మన ఇళ్లలో పిల్లలు కూడా అదే కూర తింటారు.

ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది. చేతికి పుండు ఉంటే తొడుగు లేకుండా బుట్ట ముట్టొద్దు.

చేలో దిగే ముందు రైతును అడగండి: "అయ్యా, మందు పెట్టారా? ఏం మందు, ఎప్పుడు?" ప్యాకెట్ చూపించమనండి. మీరు చదువుకున్నవాళ్లు, పేరు చదవగలరు. మందు పెట్టామన్నా, సరిగా చెప్పకపోయినా, ఆ చేలో పట్టినవి లోతుగా పాతిపెట్టి, తోకల లెక్కన కూలి తీసుకుని రండి.